దగ్గు మాఫీ

నమోదు 1: తూకాల రోజు

రోజుకు మూడు వాక్యాలు రాస్తే చాలని పైనున్న ఆరోగ్య కేంద్రం వాళ్ళు మళ్ళీ కబురు పెట్టారు. మూడు వాక్యాల్లో నాకు ఒక మనిషిని తిట్టడం కూడా రాదు, ఇక ఇంతమంది పిల్లల సంగతి ఎలా సరిపెడతాను? ఓపిక లేకపోతే భోజనం చేసి వచ్చి చదువుకోండి. నా పేరు గోనె స్వరూప. బాయిబస్తీ పిల్లలకు క్షయ రాకుండా కాపలా కాయడం నా ఉద్యోగం.

తాతలు బొగ్గు తవ్విన బాయిలోనే మేం కాపురం ఉంటున్నాం. పైన పగటి ఎండకు మనిషి నిలబడలేడు. రాత్రుళ్ళు కొందరు ఎక్కి సోలార్ పలకలు తుడిచి వస్తారు, మిగతావాళ్ళు కింద పుట్టగొడుగులు పెంచుతారు, రాయి తొలిచి కొత్త గదులు చేస్తారు. ఇక్కడ నీళ్ళు ఎవరివి వాళ్ళవే గానీ గాలి మాత్రం అందరిదీ ఒకటే. అందుకే ప్రతి గది గోడకు ఒక చెవి బిగించారు. ఎవరు దగ్గినా అది వింటుంది. ఆ దగ్గు తేడాగా ఉంటే ఎర్ర దీపం వెలిగించి నాకు చెబుతుంది.

చెవులంటే నాకు గౌరవమే. కానీ పసిపిల్లల దగ్గర అవి దండగ. క్షయ పట్టిన పసిపిల్ల దగ్గి తీరాలని రూలేమీ లేదు. తిన్నది ఒంటికి పట్టదు, సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడుతుంది, ఆటలో వెనకబడుతుంది, అంతే. అందుకని అయిదేళ్ళలోపు వాళ్ళను, అందులోనూ నెలలు తక్కువగా పుట్టినవాళ్ళను, బక్కపిల్లలను నేను ఉయ్యాల కాటాలో వేసి తూస్తాను. వాళ్ళు ఏడుస్తారు, తల్లులు నన్ను గుర్రుగా చూస్తారు, నేను పట్టించుకోను.

ఈ రోజు ఓదెలన్న మనవరాలు మిన్నును తూచాను. రెండేళ్ళ పిల్ల. పోయిన నెల ఎంత ఉందో అంతే ఉంది. అంతకు ముందు నెల కూడా అంతే.

"మా అత్త పోలికక్కా, బక్కపానం," అంది వాళ్ళమ్మ రజిత.

"పోలిక మొఖానికుంటది గని కాటాకు ఉంటదానే? సాయంత్రం ఒళ్ళు పట్టి సూసినవా?"

రజిత పిల్లకు గౌను తొడగడంలో పడింది. చూసిందన్నమాట.

నమోదు 2: మిన్ను

జ్వరం ఉంది. "రాత్రికి తగ్గుతున్నదక్కా," అని రజిత నాకే ధైర్యం చెప్పబోయింది. "తగ్గుతది. రేపు పొద్దుమూకినంక మళ్ళొస్తది," అన్నాను. మా బాయిలో పొద్దు పొడిచేదీ లేదు, మూకేదీ లేదు. మాట మాత్రం పోలేదు.

పసిపిల్లలకు తెమడ ఉమ్మడం చేతకాదు, మింగేస్తారు. కాబట్టి మలం పరీక్ష చేయాలి. డబ్బా పట్టుకుని వాళ్ళ గుమ్మంలో కూర్చున్నాను. దారిన పోయేవాళ్ళు పలకరించారు, నేనూ పలకరించాను. నా ఉద్యోగంలో దర్జా ఇలాగే ఉంటుంది.

పరీక్షలో క్షయ అని తేలింది. మందుకు లొంగే రకమే. ఛాతీ బొమ్మలో ఒక పక్క మబ్బుగా ఉంది, జబ్బు ఇంకా తలకు, అంటే మెదడుకు, ఎక్కలేదు. ఇంత చిన్నపిల్లల్లో అది తలకెక్కితే నా దగ్గరున్న మందులు, మీ దగ్గరున్న డాక్టర్లు, అందరం కలిసినా మునుపటి మిన్నును తెచ్చుకోవడం కష్టం. అందుకే ఆ సాయంత్రమే మొదటి మోతాదు నీళ్ళలో కరిగించి తాగించాను. "నయమైతది. రోజూ మందు పడాలె, ఒక్క రోజు తప్పొద్దు," అని రజితకు గట్టిగా చెప్పాను. నేను నయమవుతుందని ఊరికే అనను.

పసిపిల్లకు వచ్చిందంటే దగ్గరలో పెద్దవాళ్ళెవరో దగ్గుతున్నట్టే. పిల్లలు ఒకరికొకరు అంటించుకోవడం అరుదు. రజితను, ఆమె భర్తను, తండ్రి ఓదెలన్నను ఊపిరి గొట్టంలో ఊదించాను. ముగ్గురికీ ఏమీ లేదు. మరి ఎవరు? బస్తీ మొత్తంలో ఒక్క ఎర్ర దీపం కూడా వెలగలేదు. చెవులన్నీ బాగానే ఉన్నాయని మీరే పైనుంచి చెప్పారు.

నమోదు 3: చల్లగది

నా పిల్లలందరికీ చేతి మీద సూది వేశాను. క్రిమి ఒంట్లో చేరి ఉంటే రెండు మూడు రోజుల్లో అక్కడ గట్టిగా ఉబ్బుతుంది. కొందరికి ఉబ్బింది, కొందరికి లేదు. ఉబ్బిన వాళ్ళందరూ మధ్యాహ్నం చల్లగదిలో పడుకునేవాళ్ళే. ఇంట్లో పడుకునేవాళ్ళలో ఒక్కరికీ లేదు.

చల్లగది బస్తీలో అన్నిటికంటే లోతున ఉంటుంది. తల్లులు పనికి పోతూ పిల్లల్ని అక్కడ వదిలిపెడతారు. కొమురవ్వ వాళ్ళను చుట్టూ పడుకోబెట్టుకుని కథలు చెబుతుంది. కొమురవ్వ అంటే మా బస్తీలో సగం గదులు తొలిచిన మనిషి. ఇప్పుడు తొలవలేక పిల్లల్ని చూస్తోంది. ఆమె కథలో రాజు కూడా బాయిలో షిఫ్టుకు పోతాడు, ఆలస్యమైతే మేస్త్రీతో తిట్లు తింటాడు.

ఈ మధ్యాహ్నం నేనూ వెళ్ళి పిల్లల మధ్య పడుకున్నాను. పిల్లలకు అదో వింత. కథ రాజు టిఫిను మరిచిపోయే దాకా వచ్చింది. అప్పుడు కొమురవ్వ దగ్గింది. కాసేపటికి మళ్ళీ దగ్గింది. ఈసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయి దగ్గింది. నేను లేచి గోడ మీది చెవి వంక చూశాను. పచ్చ దీపం నిశ్చింతగా వెలుగుతోంది.

అప్పుడు గుర్తుకొచ్చింది. దగ్గు మాఫీ.

ఇది బయటివాళ్ళకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. పదేళ్ళు రాయి తొలిచినవాళ్ళకు సంఘం డప్పు కొట్టించి, శాలువా కప్పి, దగ్గు మాఫీ ఇస్తుంది. ఆ రోజు నుంచి చెవి వాళ్ళ దగ్గును గుర్తుపట్టి వదిలేస్తుంది. రాతి దుమ్ము మింగిన ఛాతీ ఎలాగూ దగ్గుతుంది, ప్రతిసారీ దీపం వెలిగించి ఆ మనిషిని అవమానించడం దేనికని. ఆ రోజు అందరికీ మటన్‌తో భోజనాలు. మా బస్తీలో ఇంతకు మించిన గౌరవం లేదు. ఇది అందరికీ తెలిసిన సంగతే. అందుకే ఎవరికీ గుర్తు రాలేదు.

రాతి దుమ్ము పట్టిన ఛాతీకే క్షయ తొందరగా పడుతుంది. మేం వినాల్సిన దగ్గు ఏదో, సరిగ్గా దాన్నే వినకూడదని చెవులకు నేర్పి పెట్టుకున్నాం. తెలివంటే మాదే.

నమోదు 4: కొమురవ్వ

పిల్లలు వెళ్ళిపోయాక కూర్చుని మాట్లాడాను.

"దుమ్ము దగ్గు బిడ్డా. ఇయ్యాల్టిదా నిన్నటిదా."

"జ్వరమొస్తున్నదా అవ్వా? చెమటలు పడుతున్నయా?"

"ముసలి పానం. ఏదో ఒకటి అయితనే ఉంటది."

"చీరె వదులైంది సూసినవా? కుచ్చిళ్ళు ఇంతలావు పెడుతున్నవ్."

ఆమె కుచ్చిళ్ళ వంక చూసుకుంది. తర్వాత నా చేతిలోని గొట్టం తనే లాక్కుని ఊదింది. ఫలితం వచ్చేదాకా ఇద్దరం చల్లగది గోడకు ఆనుకుని కూర్చున్నాం. వచ్చాక నేను దాచలేదు. దాస్తే ఆమె ఊరుకునే మనిషి కాదు.

"పోరగాండ్లకు అంటిందా?" అని అడిగింది.

"మిన్నుకు వచ్చింది. మందేస్తున్న. మిగతా వాళ్ళకు రాకుంట మందు ఏసుకోవచ్చు."

కొమురవ్వ తన అరచేతులు చూసుకుంది. ఆ చేతులతో ఆ పిల్లలకు తల దువ్వింది, ముక్కు తుడిచింది. నేను గొట్టం తుడిచి సంచిలో పెట్టుకున్నాను.

"నన్ను పైకి పంపుతరా?" అంది చివరికి.

బస్తీ కొత్తలో దగ్గేవాళ్ళను లిఫ్టు ఎక్కించి పైకి పంపేసేవాళ్ళు. అప్పట్లో పైన నీడ లేదు, నీళ్ళు లేవు, ఇప్పటి ఆరోగ్య కేంద్రమూ లేదు. కొమురవ్వ భర్తనూ అలాగే పంపారు, తిరిగి రాలేదు. అప్పుడు రాయి తొలిచేవాళ్ళు పనిముట్లు కింద పడేసి కూర్చున్నారు. అందరికంటే ముందు పడేసింది కొమురవ్వే. దగ్గు మాఫీ అలా వచ్చింది. శాలువాలూ మటనూ తర్వాత చేరినవి.

"నేనుండంగ ఎవ్వరూ పంపరు," అన్నాను.

ఆమె నమ్మిందో లేదో తెలియదు. లేచి తన చాప చుట్టుకుంది. గాలి బయటికి పోయే దారిలో చిట్టచివరి గది తనకు కావాలంది. అక్కడి గాలి మళ్ళీ ఎవరింటికీ రాదు, నేరుగా ఫ్యాను దాటి పైకి పోతుంది. ఆ గది తొలిచింది కూడా ఆమేనట. ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకుని నా కంటే ముందు నడిచింది.

నమోదు 5: దాగుడుమూతలు

కబురు పొక్కింది. ఇక్కడ చీమ తుమ్మినా పైగల్లీకి వినబడుతుంది. పొద్దున ముందుజాగ్రత్త మందు పట్టుకుని చల్లగదికి వెళితే ఒక్క పిల్ల లేదు. ఇళ్ళకు పోతే "మేనత్త ఇంటికి పోయిండు", "నిద్రపోతున్నది", "గీ పేరుతోని మా ఇంట్ల పిల్లనే లేదు". ఆ ఆఖరి మాట అన్నది పోయిన నెల నా చేత పిల్లకు బారసాల పాట పాడించుకున్న తల్లి.

నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే మిన్ను ఇంటికి వెళ్ళాను. రజిత ఏడుస్తోంది. పిల్ల లేదు. రజిత నాన్న ఓదెలన్నే ఎత్తుకుపోయాడు.

ఓదెలన్న తొలిచేవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. సంఘం ఆఫీసు తలుపు దగ్గర అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"పిల్లను ఇయ్యన్నా. మందు ఏళయింది."

"మందు ఇక్కడ ఇయ్యి, నేనేస్త. పేరు మాత్రం రోగుల పట్టీల ఎక్కించకు."

"పేరు ఎక్కియ్యకుంటె పైనుంచి మందు రాదు. పేరు ఎప్పుడో ఎక్కింది."

"అయితె మందే వద్దు. ఇయ్యాల పేరు ఎక్కిస్తవ్, రేపు లిఫ్టు ఎక్కిస్తరు. నేను సూడలేదా చెల్లే? మా బావను పంపిననాడు నేను గా లిఫ్టు కాడనే ఉన్న."

కొమురవ్వ ఆయనకు సొంత అక్క. అంతవరకూ నాకు తట్టలేదు, ఆ మనిషి నాతో కొట్లాడుతోంది మొండితనంతో కాదని. భయంతో. అయినా భయానికి మందివ్వలేను కదా.

"అన్నా, నువ్వు దాచింది పిల్లను కాదు, జబ్బును. అది లోపల పెరుగుతనే ఉంటది. తలకెక్కినంక నువ్వు నన్ను పిలుస్తవ్. అప్పుడు నేనొస్త, గని నా చేతుల ఏం ఉండదు."

తలుపు వేసుకున్నాడు. ఈ రోజు మిన్నుకు మందు పడలేదు. ఒక్క రోజు తప్పొద్దని చెప్పింది నేను, తప్పింది నా కళ్ళ ముందే. నాకు భయంగా ఉంది. అది కూడా ఇక్కడే రాసి పెడుతున్నాను.

నమోదు 6: సంఘం

మర్నాడే నాలుగు గల్లీలు కలిసే చోట సంఘం కూర్చుంది. నేనే కూర్చోబెట్టాను. కూర్చోకపోతే ఇంటింటికీ వచ్చి కాటా వేలాడదీస్తానని బెదిరించాను. రజిత తల్లుల మధ్య కూర్చుంది. మిన్నును ఓదెలన్న ఆఫీసులోనే పడుకోబెట్టి తాళం వేసి వచ్చాడు. కొమురవ్వ తన గది నుంచి ఫోనులో వింటోంది. దాన్ని స్పీకరుకు తగిలించాం.

ఓదెలన్న ముందు మాట్లాడాడు. బాగా మాట్లాడాడు, ఒప్పుకోవాలి. "స్వరూప మంచిదే. ఇప్పుడు పైనున్నోళ్ళు గూడ మంచోళ్ళే. రేపు వేరేటోళ్ళొస్తరు. గప్పుడు మన దగ్గు వాళ్ళ చేతుల ఉంటది. మాఫీ ముట్టుకుంటె పని బంద్." చప్పట్లు గట్టిగా పడ్డాయి.

నేను లేచాను. "మాఫీ దేనికి అడిగిండ్రు? పైకి పంపొద్దని. గంతే కదా. అయితె పంపే దారే మూసేద్దాం. లిఫ్టు తాళం సంఘం కాడ పెట్టుకోండ్రి. మీరు తీస్తెనే అది కదులుతది. చెవి మాత్రం అందరి దగ్గూ విననీయండ్రి. విన్నంక మందు నేను తెస్త, ఇంటికే తెస్త. పేరు ఎక్కిన పిల్లలు గా తాళం దాటి ఎట్ల పోతరు?"

"తాళం పైవాళ్ళు ఇస్తరా?"

"ఇచ్చిండ్రు," అన్నాను.

పైవాళ్ళను నేను అడగనే లేదు. ఇప్పుడు చదువుతున్నారు కదా. అడిగినట్టే అనుకుని తాళం రేపటి లిఫ్టులో పంపండి. కాగితం తర్వాత చూసుకుందాం.

గుసగుసలు మొదలయ్యాయి. ఎవరూ తేల్చలేదు. అప్పుడు స్పీకరులో దగ్గు వినిపించింది. పొడుగ్గా దగ్గింది. అందరూ ఆ దగ్గును ఏళ్ళ తరబడి విన్నవాళ్ళే, ఈ రోజు మాత్రం చెవులు పెట్టి విన్నారు.

"ఓదెలూ," అంది కొమురవ్వ.

"చెప్పక్కా."

"నేను పనిముట్టు కిందేసింది మనుషులు బతకాలని. దగ్గు బతకాలని కాదు. నా ఒళ్ళో పన్న పోరగాండ్లకు నేనే అంటిచ్చినరా. తెల్వక అంటిచ్చిన. నువ్వు తెలిసి మందు ఆపుతున్నవ్. నీది పెద్ద తప్పా, నాది పెద్ద తప్పా?"

ఓదెలన్న జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. అంతలో రజిత లేచింది. ఆమె సంఘంలో ఎప్పుడూ మాట్లాడిన పిల్ల కాదు. గుంపును తోసుకుంటూ పోయి తండ్రి జేబులో చెయ్యి పెట్టి ఆఫీసు తాళంచెవి తీసుకుంది.

"నాయినా, నువ్వు చెయ్యెత్తుతె ఎత్తు, ఎత్తకుంటె మానె. నా బిడ్డకు నేను మందేస్కుంట."

ఆమె పిల్లను ఎత్తుకొచ్చేదాకా ఎవరూ కదల్లేదు. మిన్ను తల రజిత భుజం మీద వాలిపోయి ఉంది. ఇంతమందిని చూసి కూడా కళ్ళు పెద్దవి చేయలేదు. అందరి ముందే మందు కరిగించి చెంచాతో పోశాను. సగం చెంపల మీదుగా కారింది, మళ్ళీ కలిపి పోశాను. ఓదెలన్న మనవరాలి నోరు తుడిచి, చెయ్యి పైకెత్తాడు. తర్వాత ఎన్ని చేతులు లేచాయో నేను లెక్కపెట్టలేదు. నాకు కళ్ళు సరిగ్గా కనబడలేదు.

నమోదు 7: నారింజ రంగు

తాళం వచ్చింది. కాగితం కూడా వెంటే వచ్చింది, దాంతో పాటు నాకు మందలింపు కూడా. అందింది, సంతోషం.

జబ్బు లేదని తేలిన పిల్లలందరికీ రోజూ ముందుజాగ్రత్త మందు మొదలైంది. మూడు నెలలు వేయాలి. మాఫీ ఉన్న పెద్దలందరూ వరసగా వచ్చి ఊదారు. మరో ఇద్దరు పట్టుబడ్డారు, కొమురవ్వతో పాటు వాళ్ళకూ మందు మొదలుపెట్టాను. మునుపైతే వాళ్ళు మరో ఏడాది అలా దగ్గుతూ తిరిగేవాళ్ళు. చెవి పక్కన మొదటిసారి ఎర్ర దీపం వెలిగితే వాళ్ళలో ఒకాయన, "మళ్ళ మనల్ని గుర్తుపట్టిందిరా," అని నవ్వాడు.

నేను ఒక సంగతి చెప్పడం మరిచిపోయాను. ఈ మందు వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది. పొద్దున్నే తల్లులందరూ పిల్లల్ని చంకనేసుకుని నా మీదికి దండెత్తి వచ్చారు. మందు ఒంట్లోకి పోతోందనడానికి అదే సాక్ష్యమని చెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. మధ్యాహ్నానికి మగపిల్లలు ఎవరిది ఎక్కువ రంగో పందెం వేసుకుంటున్నారు. ఇప్పుడు మందు మానేసిన వాణ్ణి పట్టుకోవడానికి నేను అక్కర్లేదు, వాళ్ళే పట్టిస్తున్నారు.

మిన్ను మాత్రం ఇంకా అలాగే ఉంది. జ్వరం తగ్గింది. కాటా కదల్లేదు. పోసిన మందు మింగుతుంది, పెట్టిన అన్నం మింగుతుంది, మళ్ళీ పడుకుంటుంది. అంత బుద్ధిగా ఉండే రెండేళ్ళ పిల్లను చూస్తే నాకు నిద్ర పట్టదు. మీ డాక్టరు పరీక్షలన్నీ మళ్ళీ చూసి, తలకెక్కలేదు, ఓపిక పట్టమంది. పడుతున్నాను. నాకు ఓపిక తక్కువ, అయినా పడుతున్నాను. నయమవుతుందని చెప్పిన మాట నేను వెనక్కి తీసుకోలేదు.

నమోదు 8: బుధవారం

ఎప్పటిలాగే మందు కరిగించి తీసుకెళ్ళాను. ఓదెలన్న గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నాడు. రజిత మిన్నును ఒళ్ళో పెట్టుకుంది. నేను చెంచా నోటి దగ్గర పెట్టాను. మిన్ను మూతి బిగించింది.

నెల రోజులుగా ఒక్కసారి కూడా వద్దనని పిల్ల. ఏదో జరిగిందనుకున్నాను. బుగ్గలు నొక్కి నోరు తెరిపిద్దామని వేలు పెట్టాను. ఆ పిల్ల నా వేలును పట్టి కసక్కున కరిచింది. వదల్లేదు. వాళ్ళమ్మ లాగినా వదల్లేదు. కాళ్ళతో చెంచాను తన్నింది, గిన్నె తన్నింది, మందు నా చీర మీద ఒలికింది. అప్పుడు వదిలి, బస్తీ మొత్తం వినబడేలా ఏడుపు మొదలుపెట్టింది.

రజిత సిగ్గుతో చచ్చిపోయింది. "ఛీ, ఏం పోరివే, అక్కను కరుస్తవా?" అని పిల్ల వీపు మీద చెయ్యెత్తింది. ఓదెలన్న ఆ చెయ్యి మధ్యలోనే పట్టుకున్నాడు.

"తిట్టకే రజితా," అన్నాను. "నోరు తెరిచే సత్తువ లేని పోరి ఇది. ఇయ్యాల కొట్లాడుతున్నది. బతికిందే నీ బిడ్డ."

ఇంకో మోతాదు కలిపి, మిన్ను ముందు కూర్చుని, కరవని రెండో చెయ్యి చాపాను. పిల్ల ఏడుపు ఆపి ఆ చెయ్యి వంక చూసింది. ఆలోచించింది. అదీ కరిచింది.